కపిల పాటలో త్రికోణం

వానకు తడిసిన తోలు చెప్పుల వాసన తగిలితే, ఆళ్లగడ్డలో మా బావి మీద కపిల తోలి, ఎద్దులతో నీళ్లు తోడిన రోజులు ఇప్పటికీ గుర్తొస్తాయి. అప్పుడు ఎస్.ఎస్.ఎల్.సి. లెక్కల పరీక్ష దగ్గర పడింది. తప్పితే చదువు మానిపించి సేద్యంలో పెడతానని నాయన ముందే చెప్పాడు. అందుకని ఎద్దులను తోలుతూ, తోలుబొక్కెన నీళ్లతో పైకి వచ్చేదాకా, త్రికోణాల సిద్ధాంతాలను కపిల పాట వరసలో పాడేవాణ్ణి.

"ఏందిరా, ఎద్దులకు లెక్కలు చెప్తాండావా? అవి పాసైతాయిలే, నీ సంగతి చూసుకో" అనేవాడు నాయన.

లెక్కల సారుకు సిద్ధాంతం పుస్తకంలో ఉన్నట్టే అప్పజెప్పాలి. ఏ, బీ, సీలలో ఒక్క అక్షరం మారినా బెత్తం లేచేది. ఆ అక్షరాలు కూడా సిద్ధాంతంలో భాగమే అనుకున్నాను.

పరీక్ష నంద్యాలలో. సారే మమ్మల్ని బస్సులో తీసుకుపోయాడు. ప్రశ్నపత్రంలో త్రికోణాలన్నిటికీ పీ, క్యూ, ఆర్ అని ఉంది. ఇవి మాకు చెప్పని సిద్ధాంతాలనుకుని, వాటిని ముట్టుకోకుండానే లేచి వచ్చాను.

"పేరు మారితే త్రికోణం మారతాదా రా, మొద్దూ!" అన్నాడు సారు, తిరుగు బస్సు దగ్గర నా సంగతి విని, అందరి ముందర.

పరీక్ష తప్పాను. నాయన అన్నంత పనీ చేశాడు.

చాలా ఏళ్లకు పాత పుస్తకాలు తెచ్చుకుని, చెప్పేవాడు లేకుండానే చదువుకున్నాను. త్రికోణానికి ఏ అక్షరాలైనా పెట్టుకోవచ్చని మొదటి పేజీల్లోనే ఉంది. ఆ ఒక్క ముక్క బెత్తం పట్టుకున్న మనిషి ముందే చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది?