గంటా నలభై నిమిషాల మేష్టారు

ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు బోలెడుమంది ఉన్నారు, రాస్తే వాళ్ళు రాయాలి. ఐదో తరగతితో బడి మానేసి, పొట్లాల కాగితాలు చదివి అక్షరం నిలబెట్టుకున్న నాలాంటి దర్జీవాడు రాయడమేమిటి? రెండు నెలలు చూశాను. ఎవరూ రాయలేదు.

మా గజపతినగరంలో లెక్కల మేష్టారు పోయారు. పొద్దున్న ఎనిమిదింటికి ఆయన కోడలు ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు మా మనవరాలు లోపలి గదిలో చదువుకుంటోంది. మెడికల్ ఎంట్రన్సుకు ఇంకా పది రోజులుంది. ఆమె పుస్తకం మూసి లేవడానికి నలభై నిమిషాలుంది. నేను చెప్పలేదు. మిషన్ మీద చెయ్యి పెట్టుకుని అలాగే కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నానో చెప్పాలంటే కిందటేడు సంగతి చెప్పాలి.

కిందటేడు మొదటిసారి రాస్తే మనవరాలికి సీటు రాలేదు. లాంగ్ టర్మ్ అన్నారు, అంటే ఇంకో ఏడాది చదివి మళ్ళీ రాయడం, సరే అన్నాం. పేపరు చదువుతానన్న ఒక్క కారణానికి మా ఇంట్లో చదువుల వ్యవహారం నా చేతిలో పెట్టారు. మా వీధిలో పిల్లల చదువును గంటల్లో చెప్పుకుంటారు. ఒకరు పన్నెండంటే ఇంకొకరు పద్నాలుగంటారు. నేను పదిహేను అన్నాను. అని ఊరుకోలేదు, మిషన్ తీసుకెళ్ళి ఆమె గది గుమ్మంలో వేసుకున్నాను. తెల్లవారుజామున నాలుగింటి నుంచి నేను కుట్టడం, ఆమె చదవడం. పిల్ల తల ఎత్తేది కాదు. నాకు మహా గర్వంగా ఉండేది. వారం వారం పెట్టే పరీక్షల్లో మార్కులు మాత్రం దిగుతూ వచ్చాయి. పదహారు గంటలు చెయ్యమని మేష్టారి చేత చెప్పిద్దామని తీసుకెళ్ళాను.

ఆయన చొక్కాల సంగతి ఇక్కడ చెప్పాలి. ముప్పై ఏళ్ళు నేనే కుట్టాను, ఒక్కదానికీ జేబు లేదు. జేబు మరిచిపోతే చొక్కా వెనక్కి తెచ్చేవాళ్ళుంటారు కదా, ఈయన మొదటిసారి జేబు పెట్టినందుకు తెచ్చి విప్పించారు. జేబుంటే అందులో పెన్ను పెడతారట, పెన్నుంటే పిల్లల తప్పు తనే దిద్దేస్తారట. తప్పు ఎవరిదో దిద్దుబాటూ వాళ్ళదే కావాలని ఆయన పట్టుదల.

మేష్టారు మనవరాలికి ఫిజిక్సు లెక్కలు ఇచ్చి, ఎదురుగా కుర్చీ వేసుకుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని చూస్తూ కూర్చున్నారు. పేపరు లేదు, ఫోను లేదు, టీ లేదు. నాకు అరగంటకే కాళ్ళు తిమ్మిరెక్కాయి. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు మనిషి ఊపిరి బిగపడతాడు. అది ఒక్క క్షణం. ఆయన పూటంతా అలాగే ఉన్నారు. నా డెబ్భై రెండేళ్ళలో నన్ను గానీ, నా ఎదుట ఇంకొకరిని గానీ ఎవరూ అంత శ్రద్ధగా చూడగా నేను చూడలేదు. మూడు రోజులు అదే పని. పరధ్యానపు తప్పు మొదటిది ఎప్పుడు పడిందో, కూడికలో ఒకటి తగ్గడమో మైనస్ గుర్తు ఎగిరిపోవడమో, ఆ టైము మాత్రం కేలెండరు కాగితం వెనక రాసుకునేవారు.

మూడోనాడు ఆమెను మంచినీళ్ళకి పంపి నాతో అన్నారు. నాకంటే చిన్నవారు, వరస లేకపోయినా మావా అనేవారు.

"గంటా నలభై నిమిషాలు మావా. మూడు రోజులూ అంతే. ఆ తర్వాత ఆ గుంట సదవడం లేదు. నువ్వు సూస్తన్నావని కూకుంటన్నాది."

కేలెండరు కాగితం తిప్పి చూపించారు.

"నేల పదును ఆరిపోయినాక దున్నితే ఏటవుద్ది? పెళ్ళలు లేస్తాయి. గంటా నలభై సదివి లేచిపోమను. రోజుకి మూడుసార్లు. నువ్వు మిషను వీధిలోకి మార్సుకో."

ఎన్నాళ్ళు మేష్టారూ అని అడిగాను.

"ఈ ఒక్క ఏడే. వచ్చినా, రాకపోయినా. మూడో ఏడు అడిగితే తనే అడగాల. నువ్వు నోరెత్తకు."

మిషన్ మార్చాను. రోజుకి ఐదు గంటలంటే నాకే సిగ్గుగా ఉండేది. ఎదురింటావిడ ఊరుకుంటుందా, "ఏటి తాతా, మీ మనవరాలు అప్పుడే డాక్టరైపోనాదేటి, వీధిలో తిరుగుతన్నాది" అంది. కానీ మార్కులు ఎక్కాయి. పిల్ల నవ్వడం మొదలెట్టింది. నవ్వడం మానేసిందన్న సంగతి నాకు అప్పుడు తెలిసింది.

అదీ ఆ నలభై నిమిషాల కథ. ఆమె లేచి బయటికొచ్చాక చెప్పాను. ఎప్పుడు అని అడిగింది. ఎనిమిదింటికన్నాను. గోడ గడియారం చూసింది, నన్ను చూసింది. చున్నీ వేసుకుని నాతో నడిచింది.

మేష్టారి వాకిట్లో నేను చూసింది మరిచిపోలేను. తల నెరిసిన లైన్‌మేన్ ఒకడు, బ్యాంకు ఉద్యోగి ఒకాయన, చంటిపిల్లను ఎత్తుకున్న నర్సమ్మ, ఒకరికొకరు తెలియనివాళ్ళు, మెల్లగా మాట్లాడుకుంటున్నారు. పేర్లు కాదు. నాది రెండు గంటలంటే నాది గంటా పది అంటున్నారు. లైన్‌మేన్ తనది యాభై నిమిషాలేనని, ఇప్పటికీ స్తంభం మీద అంతకు మించి ఉండనని చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. ఇంతమందిని ఒక్కొక్కరినీ మూడేసి రోజులు, ఆ కుర్చీలో కూర్చుని, రెప్ప వెయ్యకుండా!

మనవరాలు పరీక్ష రాసింది, ఫలితాలు వచ్చాయి. సీటుకు కొద్ది మార్కులు తగ్గాయి.

ఆ మధ్యాహ్నం అన్నాల దగ్గర ఇంకొక్క ఏడు అనబోయాను. మాట నాలిక మీదికి వచ్చింది. మనవరాలు తింటున్నది ఆపి నా వంక చూసింది. చారు పొయ్యమన్నాను. పోసింది.

మొన్న గురువారం నాతో విజయనగరం వచ్చి బి.ఎస్సీ.లో చేరింది. తిరుగు బస్సు అరగంట ఆలస్యం. కాల్చిన మొక్కజొన్న పొత్తు ఒకటి కొని చెరి సగం తిన్నాం.