చెరిపేసిన చిలకలు

క్యాసెట్టు అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. అలాంటి ఒక క్యాసెట్టులోని రెండు మూడు నిమిషాల టేపు ఏళ్ల తరబడి నన్ను కిందికి లాగుతూనే ఉంది. ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో కూడా. నాలుగు మాటలు నిజం చెబితే ఐదోది కల్పించే మనిషినని ఆత్మకూరు బస్టాండులో అందరికీ తెలుసు. చెప్పినా నవ్వి పోయేవాళ్లు. మీకు నేనెవరో తెలియదు. అందుకే మీకు చెబుతున్నాను. ఇందులో కల్పన లేదు. ఉంటే బాగుండేది.

ముందు కొంచెం గొప్ప చెప్పుకోనివ్వండి. గొప్ప చెప్పకుండా తప్పు చెప్పడం నాకు చేతకాదు, ఎందుకంటే రెండూ ఒకే టేపు మీద ఉన్నాయి.

పాటలు రికార్డు చేసి అమ్మే అంగడి నాది. డిగ్రీ మధ్యలో ఆపేసినవాణ్ణి. మా ఉదయగిరి, కలిగిరి వైపు పల్లెల్లో పొగాకు కాలం వస్తే బడిపిల్లలు ఆకు కాల్చే కొట్ల దగ్గరికి, అంటే బ్యారన్ల దగ్గరికి పోతారు. చేలోంచి వచ్చిన పచ్చి ఆకును కర్రలకు దారంతో అల్లాలి. అల్లిన కర్రలను బ్యారన్‌లోకి ఎక్కించి సెగపెట్టి ఆరబెడతారు, దాన్నే కాల్చడం అంటారు. పచ్చి ఆకు ఆగదు, అందుకని బడి ఆగుతుంది. అదీ సరిగ్గా పదో తరగతి పరీక్షల ముందు. అల్లేవాళ్లకు పొద్దుపోవడానికి ప్రతి బ్యారన్ దగ్గరా ఒక టేప్‌రికార్డర్ మోగుతుంటుంది. క్యాసెట్లు ఇవ్వడానికి వెళ్లి ఒకరోజు ఆ పిల్లలను చూస్తూ నిలబడ్డాను. చేతులకు ఖాళీ లేదు. ఆకు జిగురు పట్టి నల్లబడి ఉన్నాయి, పుస్తకం ముట్టుకుంటే పేజీ అతుక్కుపోతుంది. చెవులు మాత్రం ఖాళీగా ఉన్నాయి.

ఆ ఆలోచన నాదే. ఏ అయ్యవారూ ఇచ్చింది కాదు. సోషల్, సైన్సు పాఠాలు నా గొంతుతో చదివి, మన మాటల్లో విడమరిచి క్యాసెట్లు చేశాను. గుండె ఎలా పనిచేస్తుందో చెప్పడానికి బోరు మోటారును పోలికగా తెచ్చాను. తరగతిలో రెండోసారి అడిగితే కసురుకుంటారని పిల్లలు అడగరు. టేపు కసురుకోదు. వెనక్కి తిప్పితే అదే ఓపికతో మళ్లీ చెబుతుంది. బడిలో నోరెత్తని పిల్లలు ఆకు అల్లుతూ పాఠం పైకి అప్పజెప్పడం నా చెవులతో విన్నాను. మొఘలుల వరస ఒక పిల్లవాడు తప్పు చెబితే, సంతకం రాని వాళ్లమ్మ సరిదిద్దింది. ఆ ఏడాది బ్యారన్ పిల్లలు చాలామంది పాసయ్యారు. బస్సు దిగి నేరుగా నా అంగడికి వచ్చి చెప్పారు. ఆ గర్వం నాకు ఇప్పటికీ ఉంది. వదులుకోవాలా? అప్పుడప్పుడు నన్ను నేను అడుగుతాను. వదలబుద్ధి కాదు.

ఇక చిలకలు.

పాఠం అయిపోయాక క్యాసెట్టు చివర కొంచెం టేపు మిగిలేది. ఖాళీగా పంపడానికి మనసొప్పక ఒక్కో బ్యారన్‌కు ఒక్కో పిట్టకథ చేర్చేవాణ్ణి. కృష్ణదేవరాయలు ఉదయగిరి కోటను ముట్టడించిన పాఠం ఒక బ్యారన్ కోసం రికార్డు చేస్తున్నప్పుడు నోరు ఊరుకోలేదు. కోటలోవాళ్లు చిలకలను పెంచారనీ, వాటికి రాయల సేనాపతి గొంతు నేర్పారనీ, సిపాయిలు సగం కొండ ఎక్కగానే చిలకలు ఆ గొంతుతో ‘వెనక్కి పోండి’ అని అరిచేవనీ, పాపం వాళ్లు తమ దొర మాటేననుకుని దిగిపోయేవారనీ చెప్పాను. బాగా చెప్పాను. ఇది కథ అని మాత్రం చెప్పలేదు. ఆ ఒక్క మాటకు చోటు లేకనా? కాదు. చెబితే రుచి పోతుందని.

ఆ బ్యారన్‌లో ఎస్తేరు అనే అమ్మాయి ఉండేది. మిగతావాళ్లు పాఠం కాగానే లేచిపోతే, సెగ దగ్గర ఒక్కతే టేపు చివరిదాకా వినేదట. ఒక్కసారి వింటే చాలు, ఆ పిల్లకు వచ్చేసేది. చర్చిలో పాస్టరుగారు వాక్యం చదివి ముగించేలోగా పుస్తకం లేకుండా తిరిగి చెప్పేదట. మొదటిసారికే పాసైతే ఆత్మకూరు జూనియర్ కాలేజీలో చేర్పిస్తానని వాళ్ల నాయన మాట ఇచ్చాడు. పరీక్షలో రాయల విజయాల గురించి అడిగారు. ఎస్తేరు పేజీల కొద్దీ చిలకల గురించి రాసింది. సోషల్ ఒక్కటే పోయింది, అదీ అంచు మీద.

ఏం రాశావని అడిగి తెలుసుకున్న సోషల్ అయ్యవారు ఆమెను, వాళ్ల నాయనను వెంటబెట్టుకుని నా అంగడికి వచ్చాడు. క్యాసెట్టు ఎస్తేరు చేతిలో ఉంది.

“క్యాసెట్లో ఉంటే తప్పు పిల్లది కాదు. మళ్లా ఫీజు కడతాను, కాలేజీకీ పంపిస్తాను,” అన్నాడు వాళ్ల నాయన. “లేకపోతే అది సొంతంగా అల్లి రాసినట్టే గదా.”

నేను క్యాసెట్టు తీసుకున్నాను. టేపుకు దుమ్ము పట్టింది, తుడిచి తెస్తానని, వాళ్లకు టీ తెప్పించి లోపలి గదిలోకి వెళ్లాను. చిలకలు మొదలయ్యే చోట, పాత మాటలు చెరిగిపోయేలా, రికార్డు మీట నొక్కాను. నోరు మూసుకుని నిలబడ్డాను. జీవితంలో అంతసేపు ఏమీ మాట్లాడకుండా ఉండడం అదే మొదలు. బయట వాళ్లు టీ తాగుతున్న చప్పుడు వినిపిస్తోంది. ఆపవచ్చు. ఎందుకు ఆపలేదు? ఊళ్లన్నీ నన్ను ‘పాఠాల అన్న’ అని పిలుస్తున్నాయి. ఆ పిలుపు పోతుందని. అంతే. అంతకంటే పెద్ద కారణం వెతికాను, దొరకలేదు.

బయటికొచ్చి వినిపించాను. రాయల పాఠం అయింది. ఆ తర్వాత సుయ్‌మని టేపు తిరిగిన చప్పుడు. ఎస్తేరు స్పీకరుకు చెవి ఆనించింది.

“ఏందయ్యా, ఏమీ ల్యా,” అన్నాడు అయ్యవారు.

“పుస్తకంలో లేంది నేనెందుకు చెప్తాను అయ్యవారూ.”

“ఇన్నానన్నా,” అంది ఎస్తేరు. “చిలకలు ఎనక్కి పోండి అని అరిచినాయని చెప్పినావు. నీ గొంతే.”

“బ్యారన్ సెగకు కునుకు పట్టుంటాది పాపా. కలగనింటావు.”

ఆమె నా వైపు చూసింది. కోపం కాదు. కోపమైతే ఈపాటికి మరిచిపోయేవాణ్ణేమో. తర్వాత చేత్తో చెవి తడుముకుంది.

“అయితే నాకే సరిగ్గా ఇనబళ్లేదేమోలే అన్నా.”

“పా, ఆకు ఏరి గ్రేడింగు చెయ్యాల,” అన్నాడు వాళ్ల నాయన.

తర్వాత చాలాకాలం బ్యారన్‌లో ఆమెను చిలకా అని పిలిచేవారని విన్నాను. చర్చిలో చూడకుండా వాక్యం చెప్పడం మానేసిందని కూడా విన్నాను. కాలేజీ లేదు. ఎప్పటికో సొంతంగా ఫీజు కట్టుకుని, పుస్తకం మాత్రమే చదివి, పాసయింది. ఇప్పుడు కొండాపురం దగ్గర ఒక పల్లెలో అంగన్‌వాడీ టీచరు.

పోయిన వారం అంగడికి వచ్చింది. పిల్లలకు కథలు రికార్డు చేసివ్వమంది. పిల్లలు అల్లరి మాని వింటారనీ, విన్నది మళ్లీ తమ మాటల్లో చెబుతారనీ ఆమె అంటుంటే నా గుండె ఉప్పొంగింది, దాచుకోను. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

“కథ కాగితం మీద గూడా రాసియ్యన్నా. చూసుకుని చెప్తా. నా చెవులను నేను నమ్మను.”

మామూలుగా అంది. నన్ను దెప్పడానికి కాదు. అదే తట్టుకోలేకపోయాను.

నిన్న తలుపు మూసుకుని కొత్త క్యాసెట్టు పెట్టాను. చిలకల కథ మొదటి నుంచి చెప్పాను, ఆనాటి మాటలతోనే. మధ్యలో సిపాయిని ఎదిరించే ముసలి చిలక ఒకటి నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. చివరన ఇలా చెప్పాను: “ఎస్తేరూ, ఆరోజు నువ్వు విన్నది ఇదే. కునుకు కాదు, కల కాదు. మీరు టీ తాగుతుంటే లోపల నేను చెరిపేశాను. నీ చెవులకు ఏ లోపమూ లేదు.”

వెనక్కి తిప్పి ఒకసారి విన్నాను. నా గొంతే. ఈ పొద్దున కొండాపురం బస్సు కండక్టరు చేతికి ఇచ్చాను. ఆమె విన్నదో లేదో తెలియదు. విన్నాక ఏమంటుందో ఊహించి చెప్పగలను, ఊహించడం నా పని. ఈ ఒక్కసారికి ఊహించను.

ఆమె అడిగిన కాగితం మాత్రం పెట్టలేదు.