మోడెం గొంతు నొక్కిన రోజు

కంప్యూటర్ కోర్సు చేసి, ఆ సర్టిఫికెట్‌కు ఫ్రేం కట్టించి గోడకు తగిలించుకున్న ఒక మహా మేధావి, సొంత అక్క ఉద్యోగాన్ని ఎలా ముంచబోయాడో చెబుతాను. ఆ మేధావిని నేనే.

అప్పట్లో బద్వేలులో మా వీధి మొత్తానికి ఇంట్లో కంప్యూటర్ ఉన్నది మాకొక్కరికే. నెట్ ఫోను తీగలోంచి వచ్చేది. అంటే కంప్యూటరే ఒక నంబరుకు ఫోన్ చేయాలి, అవతల ఇంకో కంప్యూటర్ ఎత్తాలి. ఈ రాయబారం నడిపే డబ్బా పేరు మోడెం. పని చేసేటప్పుడు అది రేకు మీద మేకు గీసినట్టు అరిచేది. ఆ అరుపు మా నాయనకు పడేది కాదు. అందుకని, కొత్త నెట్ ప్యాకు తెచ్చి దాని నంబరు కంప్యూటర్‌లో ఎక్కించిన రోజే, సెట్టింగుల్లోకి వెళ్లి మోడెం శబ్దం పూర్తిగా తీసేశాను. ఇల్లంతా నన్ను మెచ్చుకుంది.

ఆ మర్నాడే మా సుజాతక్క టీచరు ఉద్యోగాల పరీక్ష ఫలితాలు. ప్రైవేటు బడిలో మూడో తరగతికి పాఠాలు చెబుతూ ఆ పరీక్ష రాయడం ఆమెకు మూడోసారి. మొదటి రెండుసార్లూ కొద్దిలో పోయింది. పైగా ఈసారి ఎంపికైనవాళ్లు మరుసటి రోజు పొద్దునే కడపలో సర్టిఫికెట్లు చూపించాలి. ఈలోగా జిరాక్సులు, గెజిటెడ్ ఆఫీసరు సంతకాలు, అన్నీ కావాలి.

అక్క హాల్ టికెట్ పట్టుకుని చెప్పులేసుకుంటుంటే గుమ్మంలో అడ్డం నిలబడ్డాను.

"యాడికక్కా?"

"నెట్ సెంటరుకు. పది గంటలకు పెడతారంట."

"ఇంట్లో కంప్యూటర్ పెట్టుకొని ఆ గుంపులో నిలబడతావా? కూర్చో. రెండు నిమిషాల పని."

"రాకపోతే?"

"నేనుండా కదా."

సరిగ్గా పదింటికి బటన్ నొక్కాను. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. నిమిషం తర్వాత, అవతలి కంప్యూటర్ జవాబివ్వడం లేదని తెర మీద పడింది. మళ్లీ నొక్కాను. అదే మాట. ఇక నా చదువంతా బయటికి తీశాను. కంప్యూటర్ ఆపి పెట్టాను. మోడెం ఊడదీసి, ఊది, పంచెతో తుడిచి బిగించాను. ఫోను తీగ కొసలు బ్లేడుతో గీకాను. కరెంటు వల్లే అని ఫ్యాన్లు ఆపించాను. మిక్సీ వేస్తే నెట్ చెదురుతుందని చెప్పి అమ్మతో చట్నీ రోట్లో నూరించాను. ఆఖరికి నాయన దగ్గుతుంటే కూడా ఆయన వైపు గుర్రుగా చూశాను.

"ఒరే, నేను దగ్గితే కంప్యూటర్‌కు ఏమయితాది?" అన్నాడు నాయన.

"ఏమీ కాదు నాయనా. కానీ ఈ ఒక్కసారికి దగ్గొద్దు."

అక్క రెండుసార్లు చెప్పులేసుకుంది. రెండుసార్లూ నేనే విప్పించాను. పన్నెండు దాటాక నాయన నెట్ సెంటరు దాకా వెళ్లొచ్చి, జనం రోడ్డు మీదికి వచ్చినారు, ఇప్పుడు పోతే సాయంత్రమే అన్నాడు. అక్క హాల్ టికెట్‌ను నాలుగు మడతలు పెట్టి, విప్పి, మళ్లీ మడత పెట్టింది. తిట్టినా బాగుండేది.

చేసేదిలేక ఎక్స్ఛేంజీకి ఫోన్ చేశాను. భోజనాల వేళకు లైన్‌మన్ మస్తానన్న సైకిలు మీద వచ్చాడు.

"మాట వస్తాంది గదప్పా. లైను బాగానే ఉండాది."

"మాట వస్తాదన్నా, నెట్టే రాదు. తప్పు మీ పక్కనే ఉండాది."

"ఏమో. పొద్దున్నించి నాకు రెండు కంప్లైంట్లు. నీదొకటి, విత్తనాల అంగడి సెట్టిది ఒకటి. ఎవరో ఊరికూరికే ఫోన్ చేసి, మాట్లాడకుండా కూస్తాండారంట. పాపం, పెద్దాయన శానా పరేషాన్ అయితాండాడు."

"చూసినావా. ఊరి లైన్లన్నీ చెడినాయి," అన్నాను విజయగర్వంతో.

మస్తానన్న వరండాలోని డబ్బా తెరిచి, తన చేతి ఫోనును మా తీగకు తగిలించుకున్నాడు. "ఇప్పుడు నొక్కు."

నొక్కాను. ఆయన విన్నాడు. కనుబొమలు పైకి లేచాయి. వేలితో నన్ను పిలిచి, ఆ ఫోను నా చెవికి పెట్టాడు.

"చెప్పు నాయనా," అంటోంది ఒక ముసలి గొంతు, ఎంతో ఓపికగా. "తొందరేం లేదు. నిదానంగా చెప్పు."

నా మోడెం కుయ్... కుయ్ అంది.

"అట్లనే. ఇంకొంచెం గట్టిగా. యాడ నుంచి చేస్తాండావు?"

కుయ్, అంది నా మోడెం.

అక్క ప్యాకు కాగితం తెచ్చి నంబరు పైకి చదివింది. నేను తెర మీద చూశాను. చివరి రెండంకెలు తారుమారయ్యాయి. పొద్దుటినుంచి ముప్పైసార్లకు పైగా నేను సెట్టిగారికే ఫోన్ చేయించాను. శబ్దం ఉండనిచ్చి ఉంటే మొదటిసారే ఆయన 'హలో' నాకు వినిపించేది.

అంకెలు దిద్ది, శబ్దం పెంచి నొక్కాను. రేకు మీద మేకు గీసిన ఆ అరుపు ఇల్లంతా మోగింది. నాయన కూడా చెవులు మూసుకోలేదు. పేజీ పైనుంచి కిందికి వరుస వరుసగా దిగింది. అక్క నంబరు కొట్టాను.

"ఎంపికైనావు అక్కా."

"ఇంకోసారి చదువు."

నాలుగుసార్లు చదివాను. నాలుగోసారికి ఆమె కళ్లు తుడుచుకుని, "జిరాక్సుకు పోదాం పద" అని లేచింది. వీధి చివరిదాకా వెళ్లి, చెప్పుల్లేకుండా వచ్చానని వెనక్కి పరుగెత్తింది. సంతకాలన్నీ ఆ సాయంత్రానికి అయ్యాయి. మర్నాడు తొలి బస్సుకు కడప వెళ్లింది. ఇప్పుడు ఆమె ప్రధానోపాధ్యాయురాలు.

సర్టిఫికెట్ల గొడవ ముగిశాక అక్క నన్ను ఫోను ముందు కూర్చోబెట్టింది. "ఆ పెద్దాయనకు తప్పయిందని చెప్పు."

"సెట్టిగారూ," అన్నాను, "మొన్న పొద్దున్నించి మీకు ఫోన్ చేసింది నేనే. తప్పయిపోయినాది."

 ఆయన ఇంట్లోకి తిరిగి భార్యతో అనడం వినిపించింది. "ఏమే, ఆ పిల్లోనికి మాటలొచ్చినాయి." మళ్లీ నాతో, "శానా సంతోషం నాయనా. నీ కోసం ఒంటిమిట్ట రామునికి మొక్కుకున్యా. ఎప్పుడు పోదాం?"

ఆయనకు మోడెం గురించి వివరించడం నా వల్ల కాలేదు. ఆ ఆదివారం బుద్ధిగా ఆయన వెంట వెళ్లి, మాటలొచ్చినందుకు కొబ్బరికాయ కొట్టి వచ్చాను. అక్కడే, ఆ కోదండరాముని సాక్షిగా ఒట్టు కూడా పెట్టుకున్నాను: ఇకమీదట ఏ నంబరైనా రెండుసార్లు పైకి చదవనిదే నొక్కను, ఏ యంత్రమైనా అరుస్తుంటే దాని గొంతు నొక్కను, ఏ ఇంట్లోనూ ఎవరినీ దగ్గొద్దని అనను.