డి డ్రైవ్‌లో అత్తయ్య చేతులు

మా ఇళ్లల్లో ఎవరూ నేర్పకుండానే అందరికీ తెలిసిన సంగతి ఒకటుంది. ముఖ్యమైనవన్నీ డి డ్రైవ్‌లో దాచాలి. దిల్‌సుఖ్‌నగర్‌లో విండోస్ మళ్లీ ఎక్కించేవాళ్లు తుడిచేది సి డ్రైవే కాబట్టి, డి అంటే ఇనప్పెట్టె అన్నంత ధీమా మాకు. మా ఆయన వాళ్లమ్మ వీడియోలు కూడా అందులోనే పెట్టారు.

అత్తయ్యది పోచంపల్లి వైపు. చీర నూలుకు రంగు అంటకూడని చోటల్లా సైకిల్ ట్యూబు ముక్కలు బిగించి కడతారు; దాన్నే చిటికి అంటారు. మాది కోస్తా, ఆ పని నేను పెళ్లయ్యాకే చూశాను. ఎక్కడ ఏ ముడి పడాలో ఎక్కడా గీసుకోకుండా కట్టేసేవారావిడ. షుగరు చూపును తినేశాక అది ఆగిపోయింది. అంతకుముందు తీసిన ఆ వీడియోలు ఈ పాత లాప్‌టాప్‌లో తప్ప ఇంకెక్కడా లేవు.

అది నత్తలా నడుస్తోందని విండోస్ పక్కనే, పాత యంత్రాల మీద తేలిగ్గా నడిచే లినక్స్ కూడా పెట్టాలని నాకు బుద్ధి పుట్టింది. ఊరికే కూర్చోలేని ప్రాణం నాది. "సి జోలికి పోకక్కా" అన్నాడు మా తమ్ముడు ఫోన్లో. పోలేదు. జాగా ఎక్కువున్న డి లోంచి కొంత కోసి లినక్స్‌కిచ్చాను. మళ్లీ ఆన్ చేస్తే నల్లటి తెర మీద ఒక ఇంగ్లీషు ముక్క, పక్కన మెరిసే గీత. విండోసూ లేదు, లినక్సూ లేదు.

పెన్‌డ్రైవ్‌లోంచి లినక్స్ తెరిచి డిస్కు చూశాను. సి, డి అన్న పేర్లే లేవు, ఉత్త అంకెలు. అన్నిటికన్నా పెద్దదాన్ని నొక్కితే తెరుచుకోనంది. అంతలో చీరల కొట్టు నుంచి మా ఆయన ఫోను. ఎత్తలేదు. మీ అమ్మ చేతులు చెరిపేశానని చెప్పనా?

"ఏంది బిడ్డా, సప్పుడు చేస్తలేవు? పానం మంచిగ లేదా?" హాల్లోంచి అత్తయ్య.

"ఏం లేదత్తయ్యా, ఆఫీసు పని."

మళ్లీ తమ్ముడికే చేశాను. షట్‌డౌన్ కొట్టినా విండోస్ ఒక్కోసారి పూర్తిగా ఆగదట, సగం నిద్రలో ఉంటుందట. అలాంటి డ్రైవ్‌ను లినక్స్ ముట్టుకోదట. "చదవడానికి మాత్రమే తెరువు. రిపేరు అని అడిగితే చచ్చినా నొక్కకు" అన్నాడు. వాడు చెప్పిన కమాండ్ అక్షరం అక్షరం కొట్టాను. ఎంటర్ నొక్కడానికి మాత్రం ధైర్యం చాల్లేదు. ఇక్కడ తప్పితే ఇంక దిక్కులేదు. చివరికి కళ్లు మూసుకుని నొక్కాను.

ఫోల్డర్ వచ్చింది. మొదటి వీడియోలో నూలు పోగులు, వాటి మీద పరుగెత్తే ఆ వేళ్లు. ఏడుపొచ్చేసింది. వీడియోలోంచి తన గొంతు తనకే వినబడి అత్తయ్య గోడ పట్టుకుని వచ్చారు. జరిగిందంతా చెప్పేశాను, తిడతారనుకుంటూనే.

"ఉన్నయి గద, మరి ఇంకేంది పరేషాన్?" అని మంచం అంచున కూర్చున్నారు. కాసేపు విన్నారు. "గివి చూసుకుంట ఎవరన్న ఒక్క ముడన్న కట్టిన్రా, బిడ్డా?"

"లేదత్తయ్యా" అన్నాను. అప్పటిదాకా పడ్డ భయం దీని ముందు ఏపాటిది అనిపించింది.