లైన్ పోయింది

ఈ రోజు నా పని అయిపోయిందనే అనుకున్నాను. మా అమ్మాయి సరోజ రాయచెర్లు ఆస్పత్రిలో నర్సు. దూరాన ఉన్న డాక్టరుకు రోగిని కంప్యూటర్‌లో ఎలా చూపించాలో నర్సులకు ట్రైనింగ్ పెట్టారు. సరోజ నన్ను ఉత్తుత్తి రోగిగా కూర్చోబెట్టి ఛాతీకి వైర్లు అంటించింది. తెరమీద ఒక పక్క డాక్టరు, ఇంకో పక్క ఎగిరెగిరి పడుతున్న నా గుండె గీత. చూస్తుండగానే గీత ఆగిపోయింది. డాక్టరూ కదలడం లేదు.

“అయ్యో, లైన్ పోయింది!” అని పక్క నర్సు అరిచింది.

పోయింది నా గుండె లైనే అనుకున్నాను. “సరోజా, విత్తనం శనక్కాయలు అటక మీద దాచినా. మీ యమ్మకు చెప్పమ్మా, లేకుంటే ఎవురన్నా కాల్చుకొని తినేస్తారు” అన్నాను.

సరోజ కంప్యూటర్ వైపు చూడనేలేదు. నా భుజం పట్టుకుని, “పోయింది నెట్టు నాయనా, నీ గుండె కాదు. ఈడ చూడు, ఎట్ల కొట్టుకుంటా ఉండాదో” అని నా వేళ్లను నా మణికట్టు మీదే పెట్టింది.

వెనక నిలబడ్డ ట్రైనింగ్ మేడం నవ్వింది. “నెట్టు నేనే కావాలని తీసేసినా సరోజా. పొద్దున్నుంచి అందరూ కంప్యూటర్నే తట్టినారు. మనిషిని తట్టింది నువ్వొక్కదానివే.”

అబ్బబ్బా, ఆ మాటకు నా ఆనందం ఏమని చెప్పేది! నా బిడ్డండీ, నా బిడ్డ! శనక్కాయల గుట్టు మాత్రం సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మీరైతే ఆ క్షణంలో ఏం చెప్పి ఉండేవాళ్లు?