బండిలో నల్ల తేలు

పెళ్లయి కాకినాడ నుంచి నాందేడ్ వచ్చిన కొత్తలో, ఒకరోజు పొద్దున్నే బిలోలిలో చుట్టాలింటికి బయల్దేరాం. మా చిన్న డీజిల్ కారులో వెనక సీట్లో నేనూ అత్తయ్యా కూర్చున్నాం. మావారు బానెట్ ఎత్తి చూసి, "అమ్మా, తేల్ మస్తు నల్లగున్నది. అడుగుకు పోయింది" అన్నారు.

"దిగండత్తయ్యా, తేలు!" అని కేకపెట్టి, ఆవిడను రెక్క పట్టుకుని బయటికి లాగేశాను. చెప్పులూ చీపుర్లూ పట్టుకుని ఇరుగుపొరుగంతా వచ్చేశారు.

"ఏడున్నదే తేలు?" అంటూ మావారూ పరిగెత్తుకొచ్చారు. చేతిలో నల్లటి నూనె కారుతున్న ఇనుప పుల్ల!

"మీరే కదా నల్లగా ఉందన్నారు!"

"అది తేలు గాదే, తేల్! ఇంజన్ ఆయిల్. ఈడ మరాఠీల గట్లనే అంటరు. డీజిల్ బండిల అది నల్లగనే ఉంటది. తక్కువైంది, గంతే."

సిగ్గుతో చచ్చిపోయాను. అత్తయ్య మాత్రం రెక్క తడుముకుంటూ, "నా కోడలు ముందుగాల నన్నే గుంజింది, సూసిన్రా!" అని అందరికీ చెప్పుకుని మురిసిపోయారు.

ఇప్పుడు డీజిల్ ఇంజన్‌కు సరిపడే ఆయిల్ చూసి కొనేదీ, ఆయిల్ ఎంతుందో ఆ ఇనుప పుల్ల తుడిచి మళ్లీ ముంచి చూసేదీ నేనే. "తేలు ఎట్లున్నది బిడ్డా?" అని అడుగుతారు అత్తయ్య. "నిండుగా ఉందత్తయ్యా, ఎక్కండి" అంటాను. కొత్తగా వచ్చిన చుట్టాలు మాత్రం బస్సులో వస్తామంటారు.