తిరగడం నేర్చుకున్న ఉస్తాద్

మా బావ శంకరప్పకు అరవై రెండేళ్ళు. జహీరాబాద్‌లో రేకుల షెడ్డు కింద తాలీం, అంటే కుస్తీల బడి నడుపుతాడు. పిల్లలందరూ అద్దాలున్న జిమ్ములకు పోతుంటే ఈయన ఇంకా ఎర్రమట్టి గోదాలో కుస్తీ నేర్పుతాడు. నేర్చుకునేవాళ్ళు నలుగురే కానీ, ఆయన చెప్పే గొప్పలు నలభై మందికి సరిపోతాయి. జాతర కుస్తీల్లో ఒక్కనాడూ తన వీపు మట్టికి తగలలేదని పెళ్ళిలో చెబుతాడు, దినాల్లో కూడా చెబుతాడు. నేను ఆయన బామ్మర్దిని, నాగరాజ్‌ను. ఝరాసంగం రూట్లో ఆటో నడుపుతాను. బావను ఆటపట్టించే హక్కు మా అక్క పెళ్ళితో నాకొచ్చింది. దాన్ని ఇంతవరకు వృథా పోనివ్వలేదు.

అట్లాంటి తాలీంకు మొన్న చలికాలంలో ఒక గోల్ఫ్ పిల్ల వచ్చింది. పేరు మానస, వయసు ఇరవై ఆరు, ఊరు చిరాగ్‌పల్లి. వాళ్ళ నాన్న జగన్‌మోహన్ హైదరాబాద్‌లో ఒక గోల్ఫ్ మైదానంలో ఇరవై ఏళ్ళు గడ్డి కోశాడు. ఆయన వెంట తిరుగుతూ ఆ పిల్ల ఆట నేర్చుకుంది. పెద్ద ఆటగాళ్ళ జట్టులో చేరాలంటే మూడు రోజుల పోటీలో గెలిచి కార్డు తెచ్చుకోవాలట. రెండేళ్ళు ఆ పోటీకి వెళ్ళింది. రెండేళ్ళూ మొదటి రెండు రోజులు బాగా ఆడింది, మూడోరోజు నడుం మొరాయించింది. ఎండాకాలంలో ఉన్న పోటీయే చివరిది, అది కూడా పోతే గోల్ఫ్ కర్రలు అటకమీద పెట్టి ఏదో ఒక ఉద్యోగం చూసుకుంటానని చెప్పింది. ఒంట్లో బలం కావాలని చేతులు జోడించి అడిగింది.

బావ జీవితంలో గోల్ఫ్ చూడలేదు. చూడలేదన్న సంగతి ఒప్పుకోవడం కూడా ఆయన జాతకంలో లేదు. సరేనన్నాడు కానీ ఒక షరతు పెట్టాడు. ఆడవాళ్ళు గోదాలో కాలు పెట్టకూడదు, అది తాతలనాటి కట్టుబాటు. కాబట్టి బయట బండల మీదే నేర్పుతానన్నాడు. మానస తలూపింది.

ఇక మొదలైంది. పొద్దున్నే దండ్‌లు, బైఠక్‌ల కసరత్తు. తర్వాత ఆమెను కాళ్ళు పాతుకుని నిలబెట్టి, నడుముకు తువ్వాలు చుట్టి, ఒకసారి ఇటు, ఒకసారి అటు లాగేవాడు. ఎంత లాగినా నడుం తిరగకూడదు, మడమ లేవకూడదు. కుస్తీవాడికి అదే ప్రాణం. అవతలివాడు నిన్ను తిప్పాడంటే పడగొట్టినట్టే. నెలన్నరకు ఆ పిల్ల రాతి స్తంభంలా తయారైంది. నేను తోసి చూశాను, నేనే వెనక్కి పోయాను. బావ మీసం ఆ వారమంతా కిందికి దిగలేదు.

తర్వాత మానస ప్రాక్టీసుకని హైదరాబాద్ పోయింది. రెండో రోజు జగన్‌మోహన్ ఫోన్ చేశాడు. బంతి ముందులో సగం దూరం కూడా పోవడం లేదట. కసిగా కొట్టబోతే నడుం పట్టేసిందట. ఎముకకేం కాలేదు, కండరం బిగుసుకుంది, రెండు వారాలు ఆగమని డాక్టర్ చెప్పాడట, పిల్లను చిరాగ్‌పల్లికి తెచ్చేశాడట. పోటీకి ఇంకా రెండు నెలలు కూడా లేవు.

ఆ పూట బావ జొన్నరొట్టె ముందు కూర్చుని తినకుండానే లేచాడు. వెక్కిరించడానికి వచ్చిన నేను బయటికి పోయి ఆటో తుడుచుకున్నాను. కొంత సేపటికి ఆయనే వచ్చి నా ఆటోలో కూర్చున్నాడు. చిరాగ్‌పల్లి పోనిమ్మన్నాడు.

మానస మంచంలో ఉంది. మమ్మల్ని చూసి లేవబోతే బావ వద్దన్నాడు. ఆమె ఆట ఒకసారి చూడాలన్నాడు. ఫోనులో పాత వీడియో పెట్టి చూపించింది. బావ ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, పదిసార్లు కాదు, ముప్పైసార్లు చూశాడు. కర్ర వెనక్కి లేస్తుంటే వీపంతా తిరుగుతోంది. ఎడమ మడమ నేల వదులుతోంది. మళ్ళీ విప్పుకున్నట్టు నడుం ముందు, భుజాలు తర్వాత, చేతులు చివరన వస్తున్నాయి. ఫోను మెల్లగా మంచం మీద పెట్టాడు.

"తప్పు నాది, బిడ్డా," అన్నాడు చివరికి. "నీది తిరిగే ఆట. నేను బతుకంత తిరగకుండ నిలబడుడే నేర్చిన, అదే నీకు నేర్పిన."

ముప్పై ఏళ్ళలో మా బావ నోట తప్పు అన్న మాట నేను వినలేదు. నాకు నవ్వు రావాల్సింది, ఏడుపొచ్చింది.

తిరిగొచ్చేటప్పుడు దారంతా ఆలోచిస్తూనే ఉన్నాడు. తాలీంలో ఒళ్ళు తిప్పే పని ఏదుంది? ఇంటికి చేరేసరికి దొరికింది. గోదా తవ్వడం. రోజూ పొద్దున పారతో మట్టి తవ్వి, ఒక పక్క నుంచి ఇంకో పక్కకు తిరగేయాలి. కాళ్ళు నిలవాలి, నడుం తిరగాలి. పైగా గోల్ఫ్‌లో ఎప్పుడూ ఒకవైపే విసురు. అందుకే ఆ పిల్ల నడుం ఒకవైపు అరిగిపోతోంది. చేతివాటం మార్చి మార్చి తవ్విస్తే రెండు పక్కలూ సమానమవుతాయి. అంతా బాగానే ఉంది, గోదాలోకి దిగకుండా గోదా ఎలా తవ్వుతుంది?

రెండు రోజులు అదే గింజుకున్నాడు. మా అక్క తారాబాయి విని విని, మజ్జిగ చెంబు కింద పెట్టింది. గోదా మట్టిలో వేసే మజ్జిగ, పసుపు, నూనె అన్నీ పెళ్ళయిన నాటి నుంచి ఆమే సిద్ధం చేస్తుంది. అంచున నిలబడి అందిస్తుంది, లోపలికి రాదు.

"ముప్పై ఏండ్ల సంది నా చేతి మజ్జిగ తాగుతుంది నీ మట్టి," అంది. "నా మజ్జిగకు లేని అడ్డం ఆ పిల్ల కాళ్ళకెట్లొచ్చింది?"

రెండు వారాలు గడిచి మానస మళ్ళీ వచ్చిన రోజు, నలుగురు శిష్యులూ చూస్తుండగా బావ గోదాలో నిలబడి, ముందు అక్కకు చేయి చాచాడు.

"మొదలు నువ్వు దిగు, తారా," అన్నాడు.

అక్క చెప్పులు విడిచి, చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పట్టుకుని దిగింది. మట్టి ఇంత మెత్తగుంటుందనుకోలేదని తర్వాత నాతో చెప్పింది. ఆమె వెనక మానస దిగింది.

మొదటి వారం రోజుకు నాలుగు పారల మట్టే, అది కూడా తడిది కాదు. నొప్పనిపిస్తే ఆపేయాలి, చెప్పకుండా ఓర్చుకుంటే పార గుంజుకుంటానన్నాడు. తర్వాత మెల్లగా పెంచాడు. అలవాటు లేని ఎడమ వాటం ఎక్కువ తవ్వించాడు. దండ్‌లు సగానికి తగ్గించాడు. అక్క అంచు మీద కాదు, లోపలే కూర్చుని మజ్జిగ చల్లేది.

పోటీ మూడోరోజు సాయంత్రం ఫోన్ మోగింది. బావ ఫోను నా చేతికిచ్చి నన్ను తీయమన్నాడు. స్పీకర్ పెట్టాను.

"ఉస్తాద్, ఆఖరి గుంతల బంతి పడేదాంక నడుమున్నదని యాదికే రాలే," అంది మానస. అంతవరకు చెప్పి ఏడ్చింది. కార్డు వచ్చిందని వెనక నుంచి జగన్‌మోహన్ చెప్పాడు.

కుస్తీ గెలిచి వచ్చినవాడి భుజాలకు ఉస్తాద్ గోదా మట్టి రాయడం తాలీం ఆనవాయితీ. మర్నాడు మానస వచ్చి తలవంచి నిలబడింది. బావ వంగి గుప్పెడు మట్టి తీశాడు. తీసి, దాన్ని అక్క దోసిట్లో పోశాడు.

"మట్టి నీది. నువ్వే రాయి," అన్నాడు.

అక్క రెండు చేతులతో ఆ పిల్ల భుజాలకు రాసింది. మిగిలిన మట్టిని ఏం చేయాలో తెలియక, కొంగుకు తుడుచుకోకుండా, చాలాసేపు అట్లాగే పట్టుకుని నిలబడింది.